పాలబండి దారిలో ఏప్రిల్

ఐదు కాకముందే బయలుదేరుతుంది నా పాల ట్యాంకరు.
నిరుడు పదకొండు పశువుల పాకలు, ఇప్పుడు పది.
ఫిన్లండ్ పటంలో బోత్నియా అఖాతం పక్కన
వేలితో ఒత్తినట్టు చదునుగా ఉండే చోటు మాది.
ఏప్రిల్ అని క్యాలెండరు అంటోంది కాబట్టి ఏప్రిల్.
కాలవల్లో మంచు ఇంకా నడుం లోతు.
పొలం మాత్రం అక్కడక్కడ
చిరిగిన దుప్పట్లోంచి మోకాలు బయటపెట్టినట్టు
నల్లగా.

పైపు బిగించి పాలు తోడుకునే పన్నెండు నిమిషాల్లో
ఈ నెలంతా ఎవరూ పాల ధర ఎత్తరు.
"వచ్చాయా?" అంటారు.
ఏవి అని అడిగితే
ఈ ఊరివాణ్ణి కాదన్నట్టే.

వియెనో పాలగది తలుపు లోపలివైపు
పెన్సిలు రాతలు, ఆమె కాపురానికి వచ్చిన ఏడు నుంచి.
హంసలు, ఏప్రిల్ రెండు. హంసలు, మార్చి ముప్పై.
ఒక ఏడు హంసల ఎదురుగా ఏమీ లేదు;
ఆ వసంతం ఆమె ఆసుపత్రిలో ఉంది.
తను చూడనిది రాలేదనే లెక్క.
ఆ తలుపుకి రెండుసార్లు రంగు వేశారు,
ఆ వైపు వదిలేసి.

ముస్తోలా వాళ్ళ ఒత్సోకి తొమ్మిదేళ్ళు.
వాడు నిన్న చూసిన బెగ్గురు కొంగలు నలభై.
నేను తర్వాతి పాకకి చేరేసరికి అవి అరవై.
తప్పు నాదే,
కుదుపులకి పాలు నురగెత్తినట్టు
కబురు కూడా బండిలో కాస్త పొంగుతుంది.

తీతువులు వచ్చేశాయి,
తలమీది సన్నని తురాయి గాలికి వంగుతూ.
దీని అరుపు కీడని భయపడే దేశాలున్నాయట.
ఇక్కడ ఆ అరుపు చెవిన పడితే
ట్రాక్టరుకి గ్రీజు పెట్టడం మొదలెడతారు.

తొమ్మిదో మలుపు ఉర్పోది.
పోయిన నవంబరులో ఎనిమిది ఆవుల్నీ అమ్మేశాడు.
నేను ఆగాల్సిన పని లేదు,
నా కాగితంలో ఆ పేరు మీద గీత కొట్టేసి ఉంది.
కానీ అలవాటు బండిది కూడా,
గేరు తనంతట తానే తగ్గుతుంది.
ఆవేళ అతను రోడ్డు పక్కనే నిలబడ్డాడు,
రబ్బరు బూట్లు, చేతిలో ఖాళీ బకెట్టు
(ఎందుకో నేను అడగలేదు).
ఇంజను ఆపాను.

ఆపగానే వినపడింది
భరతపిట్ట.
తల మీదే, నిట్టనిలువుగా,
ఎవరో ఆకాశానికి కుట్టుమిషను పెట్టి
ఊపిరి తీసుకోకుండా తొక్కుతున్నట్టు.
ఆ పాట మొదలైతే వేసవి ఇంకో నెల దూరమని
ఇక్కడ పాలుగారే పిల్లలకీ తెలుసు.
ఉర్పో నా వైపు తిరిగి
"ఈ ఏడు భరతపిట్ట ఆలస్యం చేసింది కదూ" అన్నాడు.

పిట్ట పాడుతూనే ఉంది.

సన్నని శబ్దాలు ముందు పోతాయట ముసలి చెవికి.
తలుపు చప్పుడు ఉంటుంది, ట్రాక్టరు ఉంటుంది,
పక్కింటి మనిషి దగ్గు కూడా మిగులుతుంది.
ఏం చెప్పను?
అవునంటే పిట్టకి అన్యాయం,
కాదంటే...
వేలు మాత్రం పైకి ఎత్తాను.

చాలాసేపు వెతికాడు.
టోపీ వెనక్కి తోసి, ఒక కన్ను మూసి,
నోరు కొద్దిగా తెరుచుకుని.
చివరికి దొరికింది ఆ చుక్క,
ఆవగింజంత.
చూస్తూ చూస్తూ పెదవులు కదిపాడు,
పాటని జ్ఞాపకంలోంచి తీసి
ఆ రెక్కలకి జత కలుపుతున్నాడేమో.
కలిసిందో లేదో నాకు తెలియదు.

పాలగదిలోకి నడిచాడు. వెనకే నేనూ.
ఖాళీ తొట్టి, ఇంకా పోని సబ్బు వాసన.
గోడ మీద తేదీల వరస, ఏటికొకటి, మాటల్లేకుండా.
అడుగున రాశాడు, ఏప్రిల్ ఎనిమిది.
పెన్సిలు జేబులో పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు.
పక్కన, ఎప్పుడూ లేని ఒక మాట:
చూశాను.

డెయిరీకి పంతొమ్మిది నిమిషాలు ఆలస్యంగా చేరాను.
కారణం రాయడానికి ఒక గడి ఉంటుంది, వేలెడు వెడల్పు.
దారి బురద, అని రాశాను.
అబద్ధం కాదు.
కావాలంటే నా బూట్లు చూసుకోవచ్చు.